తొమ్మిదో తరగతి బాబు యూనిఫామ్ ఖర్చు ఎనిమిది వేలు దాటుతోంది, బయట కుట్టిస్తే స్కూల్ వాళ్ళు ఒప్పుకుంటారా?

బెజవాడ_అమ్మ

అందరికీ నమస్కారం అండి. మాది విజయవాడ. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఒక మెడికల్ షాపులో పని చేస్తాను, ఇద్దరిదీ కలిపి నెలకి పాతిక వేలు లోపే, అందులో ఇంటద్దె, ఆటో ఫైనాన్స్ పోను మిగిలేది మీకు తెలిసిందే. బాబు ఇప్పుడు తొమ్మిదిలోకి వచ్చాడు, పాప ఆరు. ఇద్దరూ మా పేటలోనే ఒక ప్రైవేట్ స్కూల్లో చదువుతున్నారు, పెద్ద కార్పొరేట్ స్కూల్ ఏం కాదు, మామూలు స్కూలే.

సమస్య ఏంటంటే బాబు ఈ ఏడాది ఒక్కసారిగా పొడుగైపోయాడు. పోయిన జూన్‌లో కొన్న ప్యాంట్లు ఇప్పుడు చీలమండ పైకి వచ్చేశాయి, చొక్కా భుజాల దగ్గర బిగుసుకుపోయి చెయ్యి ఎత్తితే టక్ మొత్తం బయటికొచ్చేస్తోంది. అంటే పాతవి ఒక్కటి కూడా పనికిరావు, అన్నీ కొత్తవే కావాలి. స్కూల్ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు, ఫలానా షాపులోనే తీసుకోవాలని. రెండు జతలు రెగ్యులర్ డ్రెస్ జత 1,750, శనివారానికి తెల్ల డ్రెస్ ఒక జత 1,600, హౌస్ టీషర్టు ట్రాక్ ప్యాంటు 1,150, నల్ల బూట్లు 900, తెల్ల బూట్లు 450, టై బెల్టు సాక్సులు అన్నీ కలిపి 600. మొత్తం 8,200. ఇది బాబుది ఒక్కడిదే, పాపది ఇంకా లెక్క వేయలేదు, వేయాలంటే భయంగా ఉంది.

తల్లికి వందనం డబ్బులు వస్తాయి కదా అంటారేమో, పోయిన ఏడాది పడినవి పడినట్టే ఫీజు బాకీకి కట్టేశాం, ఈసారీ అంతే అవుతుంది. డ్వాక్రాలో ఇంకా పాత లోన్ నడుస్తోంది కాబట్టి కొత్తది ఇవ్వరు. మా ఆయన వారం వడ్డీకి తెస్తానంటున్నారు, నేను వద్దంటున్నాను, బట్టల కోసం వారం వడ్డీ ఏంటండీ, ఆ డ్రెస్సు చిరిగే టైంకి కూడా అప్పు తీరదు.

వాడు మంచి పిల్లాడండి. "పాతవే వేసుకుంటాలే అమ్మా, సాక్సు పైకి లాక్కుంటే కనపడదు" అంటాడు. కానీ పోయిన ఫిబ్రవరి నుంచే శనివారం వస్తే కడుపునొప్పి అంటూ మానేసేవాడు, ఎందుకో నాకు తర్వాత అర్థమైంది, తెల్ల ప్యాంటు పొట్టిదైపోయిందని వెనక బెంచీ వాళ్ళు ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారంట. ఆ మాట నాతో వాడు చెప్పలేదు, వాళ్ళ చెల్లి చెప్పింది.

నేను అడిగేది రెండే. క్లాత్ బయట కొని కుట్టిస్తే నిజంగా తగ్గుతుందా, లేక టైలర్ కూలితో అంతే అయిపోతుందా? రెండోది, అలా వేసుకెళ్తే స్కూల్ వాళ్ళు పిల్లాడిని బయట నిలబెడితే ఏం చేయాలి? జూన్ 12కి స్కూల్ తెరుస్తారు, టైం ఎక్కువ లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


వన్‌టౌన్_లక్ష్మి

అమ్మా మాదీ విజయవాడే, నేను నాలుగేళ్ళుగా ఇద్దరు పిల్లలకీ బయటే కుట్టిస్తున్నా, ఎవరూ ఏమీ అనలేదు. వన్‌టౌన్‌లో వస్త్రలతకి వెళ్ళండి, లోపల యూనిఫామ్ క్లాత్ అమ్మే షాపులు ఉన్నాయి, అక్కడ లేకపోతే కృష్ణవేణి మార్కెట్‌లో చూడండి. వెళ్ళేటప్పుడు పాత ప్యాంటు, పాత చొక్కా చేతిలో పట్టుకెళ్ళండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే మాత్రం కలర్ తప్పుతుంది. షాపులో లైట్ల కింద మ్యాచ్ అయినట్టే ఉంటుంది, మీరు ఆ తాను అంచు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండ వెలుగులో పాత దాని లోపలి మడత పక్కన పెట్టి చూడండి. లోపలి మడత అని ఎందుకంటున్నానంటే పైన ఉతికి ఉతికి వెలిసిపోయి ఉంటుంది, అసలు రంగు లోపలే ఉంటుంది.

ఇంకోటి, మీ బాబు పాతవి పాడేయకండి, ఇప్పుడు ఏడులోకి వచ్చిన పిల్లాడికి సరిగ్గా సరిపోతాయి. మా క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒకామె ధైర్యం చేసి "మా వాడి చొక్కాలు పొట్టివైపోయాయి, ఎవరికైనా కావాలా" అని పెట్టింది, అంతే, ఒక్క గంటలో పది మంది తమవి కూడా ఉన్నాయని పెట్టారు. అందరికీ అవసరమే, మొదట నోరు విప్పేది ఎవరా అని చూస్తుంటారు. మీరు కూడా "మావి ఇస్తాం" అని మొదలుపెట్టండి, "మాకు కావాలి" అనేదానికంటే అది తేలిక. పదో తరగతి అయిపోయిన పిల్లల ఇళ్ళల్లో బ్లేజర్లు, తెల్ల డ్రెస్సులు కొత్తవి కొత్తవిలా పడి ఉంటాయి, తెల్లది వారానికి ఒక్కసారే కదా వేసేది, అరగదు. హౌస్ టీషర్టు కూడా అలాగే దొరకబుచ్చుకోండి, అదొక్కటే బయట కుట్టించలేం.


గోదారి_దర్జీ

అమ్మగారూ, నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్ళ నుంచి టైలరింగ్ చేస్తున్నాను, జూన్ నెల మొత్తం మాకు యూనిఫామ్‌లే పని. మీ మొదటి ప్రశ్నకి లెక్క చెప్తాను.

మీ బాబు అయిదడుగుల నాలుగంగుళాలు ఉన్నాడనుకుందాం. 58 పన్నా, అంటే అడ్డం 58 అంగుళాలు ఉన్న క్లాత్‌లో ప్యాంటుకి మీటరు ఇరవై, హాఫ్ చేతుల చొక్కాకి మీటరున్నర నుంచి మీటరు అరవై పడుతుంది. 36 పన్నా అయితే చొక్కాకి రెండుంపావు మీటర్లు కావాలి, కాబట్టి మీటరు రేటు తక్కువ కదా అని 36 పన్నా తీసుకుంటే చివరికి అంతే అవుతుంది, రేటు అడిగేముందు పన్నా అడగండి. మా వైపు ప్యాంటు క్లాత్ మీటరు 200, 220, చొక్కా క్లాత్ 150 దగ్గర ఉంది. కూలి రెండూ కలిపి ఆరొందలు. అంటే జత పదకొండు వందలు, పన్నెండు వందల్లో అయిపోతుంది. మూడు జతలు వేసుకుంటే పదిహేను వందల పైనే మిగులుతుంది, మీ బెజవాడ రేట్లు కొంచెం అటూ ఇటూగా ఉండొచ్చు. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకే తానులోంచి కోయించుకుంటే షాపువాళ్ళు ఇంకా తగ్గిస్తారు, మా తాడితోట క్లాత్ మార్కెట్‌లో అయితే చాలామంది అలాగే తీసుకుంటారు, రంగు కూడా పిల్లలందరిదీ ఒకటే వస్తుంది.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది రేటు గురించి కాదండి. రెడీమేడ్ ప్యాంటు విప్పి చూడండి, కింద మడత అరంగుళం ఉంటుంది, వెనక నడుము కుట్టు దగ్గర లోపల క్లాత్ ఏమీ ఉండదు. పద్నాలుగేళ్ళ పిల్లాడు ఎదిగే వయసులో ఉంటాడు, వాడికి అలాంటిది కొంటే ఆరు నెలల్లో పక్కన పెట్టాల్సిందే. మీరు కుట్టించేటప్పుడు టైలర్‌తో గట్టిగా చెప్పండి, కింద మూడంగుళాలు లోపలికి మడవాలి, వెనక నడుము దగ్గర రెండంగుళాలు లోపల వదలాలి, చొక్కాకి పక్క కుట్లల్లో అంగుళం అంగుళం వదలాలి అని. క్లాత్ ఒక పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి చాలు. సంక్రాంతి సెలవుల్లో ఆ కుట్టు విప్పి కిందికి దింపితే మళ్ళీ ఏడాదంతా నడుస్తుంది. దింపినప్పుడు పాత మడత గీత కనపడుతుంది, దాని మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు పోతుంది, ముదురు రంగు ప్యాంటుకైతే అసలు తెలీదు.

మరీ చవక క్లాత్ మాత్రం తీసుకోకండి. పూర్తి పాలిస్టర్ అయితే మన ఎండలకి పిల్లాడు ఉడికిపోతాడు, నాలుగు ఉతుకులకి మోకాళ్ళ దగ్గర, కూర్చునే చోట మెరుపు వచ్చేస్తుంది. పీవీ అని అడగండి, పాలిస్టర్ విస్కోస్ కలిసినది, ప్యాంటుకి అది బాగుంటుంది. చొక్కాకి టెర్రీకాటన్.

చొక్కాలో మొదట పాడయ్యేది కాలర్. మెడ తగిలే చోట అరిగి పీచు లేస్తుంది, మిగతా చొక్కా బాగానే ఉంటుంది. అలాంటప్పుడు చొక్కా మొత్తం మార్చక్కర్లేదు, కాలర్ విప్పి తిప్పి కుడితే లోపలి వైపు పైకి వస్తుంది, కొత్తదానిలా ఉంటుంది. ఈ రోజుల్లో కుర్ర టైలర్లు చేయరు, మీ పేటలో పాత మిషను పెట్టుకున్న పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన్ని అడగండి, యాభై అరవై తీసుకుంటాడు.

ఆఖరి మాట, ఈ వారంలోనే ఇచ్చేయండి. జూన్ పదో తారీఖు వచ్చి అర్జెంటు అంటే కూలి డబల్ అడుగుతారు, పని కూడా హడావిడిగా ఉంటుంది.


సిరిసిల్ల_పోరడు

అక్కా, నేను ఉండేది హైదరాబాద్, ఊరు సిరిసిల్ల. నీ రెండో ప్రశ్నకి జవాబు చెప్త.

ఫలానా షాపులనే కొనాలె అని జబర్దస్తీ చేసుడు తప్పు. ప్రైవేట్ స్కూళ్ళు ఎట్ల నడవాలె అనేదానికి 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ఉన్నది, అది అప్పటి ఉమ్మడి రాష్ట్రంది. 2024ల హైదరాబాద్ డీఈవో, అంటే జిల్లా విద్యాధికారి, ఆ జీవో చూపెట్టే ప్రైవేట్ స్కూళ్ళల్ల యూనిఫామ్‌లు, బూట్లు, బెల్టులు అమ్మొద్దని ఆర్డర్ ఇచ్చిండు, పుస్తకాలు నోట్‌బుక్కులు అమ్మితే లాభం లేకుండ అమ్మాలె అన్నడు. సీబీఎస్ఈ స్కూల్ అయితే ఇంకా ఈజీ, ఫలానా దుకాణంలనే పుస్తకాలు యూనిఫామ్ కొనుమని తల్లిదండ్రుల మీద ఒత్తిడి పెట్టొద్దని బోర్డే 2017ల సర్క్యులర్ పంపింది.

అయితే అక్కా, జీవో పట్టుకొని ఒక్కదానివే పోయి ప్రిన్సిపాల్ ముంగట నిలబడకు. పోరడు రేపు అదే క్లాసుల కూసోవాలె కదా. మేం ఏం చేసినమంటే మా బిడ్డ క్లాస్ తల్లిదండ్రులం ఏడెనిమిది మందిమి కలిసి పోయినం, లొల్లి పెట్టలే, ఒకటే మాట అడిగినం, "సార్, రంగు డిజైన్ మీరు చెప్పినట్టే ఉంటది, యాడ కొనాలె అన్నది మాకు ఇడిసిపెట్టుండ్రి" అని. క్లాత్ ముక్క కూడా తీస్కపోయి చూపెట్టినం. ఆయన మొదలు గునిసిండు, మేనేజ్‌మెంట్‌ని అడగాలె అన్నడు, తర్వాత సరే అన్నడు. ఆ మాట కాయితం మీద రాసి డైరీల సంతకం పెట్టించుకున్నం, ఎందుకంటే గేటు కాడ ఆపేది ప్రిన్సిపాల్ కాదు, పీఈటీ సారు. ఆయనకి చూపెట్టనీకి ఏదో ఒకటి ఉండాలె.

గట్ల కూడా వినకపోతే మండల విద్యాధికారి ఎంఈవోకి, డీఈవోకి రాసియ్యాలె. మా దిక్కు సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది, మీ దిక్కు కూడా సోమవారమే గ్రీవెన్స్ పెడ్తరు, పీజీఆర్ఎస్ అంటరు ఇప్పుడు. షాపు పేరు రాసి ఉన్న ఆ కాయితం పారేయకు, అదే సాక్ష్యం.

ఇంకో ముచ్చట. మా తెలంగాణల సర్కారు బడి పిల్లల యూనిఫామ్ బట్ట మా సిరిసిల్ల సాంచెల మీదనే, అంటే మరమగ్గాల మీదనే నేస్తరు, మా ఇంట్ల అందరూ ఆ పనే. తాను నుంచి దుకాణం దాకా పోయేసరికి బట్ట ధర ఎంత పెరుగుతదో కండ్లార చూసినోన్ని. నీ దగ్గర 1,750 తీసుకునే జతల బట్ట ఖర్చు, కుట్టుకూలి పోంగ మిగిలేదాంట్ల స్కూల్ కమీషన్ ఎంత ఉంటదో సోచాయించు. అప్పు చేసి ఆ కమీషన్ కట్టుడు నాకైతే మనసు ఒప్పుత లేదు.


హైస్కూల్_టీచర్

నేను కృష్ణా జిల్లాలో జెడ్పీ హైస్కూల్‌లో పని చేస్తున్నాను. ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేనే చెప్తున్నాను, ఇద్దరు పిల్లల్నీ గవర్నమెంట్ స్కూల్‌కి మార్చే ఆలోచన చేశారా? మా దగ్గర ఒకటి నుంచి పది దాకా ప్రతి పిల్లాడికీ మూడు జతల యూనిఫామ్ క్లాత్, బూట్లు, రెండు జతల సాక్సులు, బెల్టు, బ్యాగు, పాఠ్యపుస్తకాలు, నోట్‌బుక్కులు ఉచితంగా ఇస్తారు. 2020లో విద్యాకానుక పేరుతో మొదలైంది, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అంటున్నారు. మధ్యాహ్న భోజనం ఉంటుంది. తల్లికి వందనం కూడా పోదు, 2025లో ఇచ్చినట్టు పిల్లకి 15,000 లెక్కన అందులో రెండు వేలు స్కూల్ నిర్వహణకి పోను 13,000 తల్లి అకౌంట్లో పడితే అది ఫీజుకి కాకుండా మీ చేతిలో ఉంటుంది. ఒక్కసారి ఆ లెక్క మీ ఆయనతో కూర్చుని వేయండి.

మా దాంట్లో లోటు లేదని కాదు. బూట్ల సైజు తప్పొస్తుంది, మార్చుకోవడానికి తిరగాలి. క్లాత్ ఇస్తారు కానీ కుట్టించుకోవాలి, కుట్టుకూలి కింద ప్రభుత్వం ఇచ్చేది బయట టైలర్ అడిగేదానికి సరిపోదు. పెద్ద పిల్లలకి క్లాత్ చాలక ఇబ్బంది పడటం కూడా చూశాను. అయినా ఎనిమిది వేలకీ దీనికీ పోలిక లేదు.

బాబు విషయంలో తొందరపడమని చెప్పను, తొమ్మిదిలో మారితే స్నేహితులు మారతారు, పుస్తకాలు వేరే అయితే అలవాటు పడటానికి టైం పడుతుంది, పదికి వచ్చాక అసలు కదిలించకూడదు. మారిస్తే ఇప్పుడే, ఈ జూన్‌లోనే, వాడు మనస్ఫూర్తిగా సరే అంటేనే. పాప ఆరులోకి వచ్చింది కాబట్టి ఆ అమ్మాయిని మార్చడం చాలా తేలిక, హైస్కూల్లో ఆరో తరగతికి అందరూ కొత్తగానే వస్తారు. ముందు టీసీ సంగతి కనుక్కోండి, ఫీజు బాకీ ఉందని ఆపుతారేమో చూడండి. మీకు దగ్గర్లో ఉన్న హైస్కూల్‌కి ఒకసారి మీరే వెళ్ళి చూడండి, మా స్కూల్ గొప్ప అని నేను చెప్పడం కంటే అది మంచిది.


డిగ్రీ_ఫైనలియర్

ఆంటీ నేను మీ అబ్బాయి పరిస్థితిలోంచి వచ్చినవాడినే కాబట్టి ఒక్క విషయం చెప్పాలనిపించింది. సాక్సు పైకి లాక్కుంటే కనపడదు అని వాడన్నాడు చూడండి, నేనూ అచ్చం అలాగే చేసేవాడిని, పైగా ప్రేయర్‌లో లైన్ వెనక్కి వెళ్ళి నిలబడేవాడిని, బోర్డు దగ్గరికి పిలుస్తారేమోనని జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేవాడిని కాదు. మార్కులు తగ్గాయని ఇంట్లో తిట్టారు కానీ అసలు కారణం ప్యాంటు అని ఎవరికీ తెలీదు, నేనూ చెప్పలేదు, చెప్తే అమ్మ బాధపడుతుందని. అందుకే మూడు జతలూ ఒకేసారి కుదరకపోతే అన్నిటికంటే ముందు ఆ శనివారం తెల్ల ప్యాంటు కొనేయండి. రెగ్యులర్ డ్రెస్ ఒక్క జతే ఉన్నా సాయంత్రం ఉతికి ఫ్యాన్ కింద ఆరేసుకుని నడిపించొచ్చు, నేను ఎనిమిదంతా అలా నడిపించా, అది పెద్ద కష్టం కాదు. పొట్టి ప్యాంటు మాత్రం కష్టం.

ఇంకోటి, క్లాస్ టీచర్‌తో మీరే మాట్లాడండి, ఫోన్‌లో గానీ క్లాసులు అయిపోయాక గానీ, వాడితో లెటర్ పంపొద్దు. అందరి ముందు ఆ లెటర్ ఇవ్వడం వాడికి చాలా కష్టంగా ఉంటుంది. పేరు పెట్టి పిలుస్తున్న సంగతి కూడా ఆ టీచర్ చెవిలో వేయండి, మంచి టీచర్ అయితే మీ పేరు బయటికి రాకుండా ఆపేస్తారు. మా సోషల్ మేడమ్ నాకు అలా చేశారు. క్లాత్ కొనడానికి వాడిని కూడా తీసుకెళ్ళండి, ఫిట్టింగ్ ఎలా కావాలో వాడే టైలర్‌కి చెప్పుకోనివ్వండి. తొమ్మిదో తరగతిలో అది చాలా పెద్ద విషయం ఆంటీ, బాగా వదులుగా కుట్టించేసి "ఎదుగుతావులే" అంటే మళ్ళీ అదే గొడవ.


బెజవాడ_అమ్మ

ఒక్కొక్కరూ ఇంత ఓపిగ్గా రాశారు, ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. టీచర్ గారూ, మీరు చెప్పిన లెక్క రాత్రి మా ఆయనతో వేశాను. పాప విషయం ఆయన ఆలోచిస్తానన్నారు, మా పేట హైస్కూల్ సోమవారం ఇద్దరం వెళ్ళి చూస్తాం. బాబుని అడిగితే వాడు మాత్రం స్నేహితుల్ని వదిలి రానన్నాడు, సరే వాడిని అక్కడే ఉంచుతాం. డిగ్రీ బాబూ, నీ మాటలు చదివి వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను, మొదట ఏం లేదన్నాడు, తర్వాత చెప్పాడు. రేపు వస్త్రలతకి వాడిని వెంటబెట్టుకుని వెళ్తున్నా.

ఇంకా రెండు అడగాలి. చొక్కా జేబు మీద స్కూల్ లోగో ఎంబ్రాయిడరీ ఉంది, అది బయట ఎలా? ఇంకోటి ఆడవాళ్ళు ఎవరైనా చెప్పండి, ఒకవేళ పాప ఇదే స్కూల్లో ఉండిపోతే తనకీ శనివారం తెల్ల చుడీదారే, ఇవాళో రేపో పెద్దమనిషి అవుతుంది, ఆ తెల్ల బట్టలతో ఎలా అని ఇప్పటి నుంచే గుబులుగా ఉంది.


వన్‌టౌన్_లక్ష్మి

దీనికి నేను చెప్తా, మా పెద్దమ్మాయితో అన్నీ పడ్డాను. తెల్ల లెగ్గింగ్ రెండు కొనండి, ఒకటి సరిపోదు, మరక పడితే మార్చడానికి ఉండాలి. టాప్ మోకాళ్ళ కిందికి వచ్చేలా కుట్టించండి, పక్క చీలికలు మరీ పైదాకా పెట్టించొద్దు. లోపల వేసుకోవడానికి ఒంటి రంగుకి దగ్గర్లో ఉండే షార్ట్స్ కొనండి, ముదురు రంగువి తెల్ల బట్టలోంచి కనపడతాయి. బ్యాగులో ఒక పాత చున్నీ, రెండు ప్యాడ్లు ఒక చిన్న సంచిలో వేసి ఇప్పటి నుంచే అలవాటు చేయండి, స్కూల్లో మొదటిసారి అయితే కంగారు పడకుండా ఉంటుంది. మరక పడితే చల్లనీళ్ళలోనే నానబెట్టాలి, వేణ్ణీళ్ళు పోస్తే అక్కడే ఉండిపోతుంది.

అసలు ఆడపిల్లలకి తెల్ల డ్రెస్ ఎందుకో నాకు అర్థం కాదు. మీరు ప్రిన్సిపాల్ దగ్గరికి నలుగురితో కలిసి వెళ్తే ఇది కూడా అడగండి, ఏడు నుంచి పై క్లాసుల అమ్మాయిలకి తెల్ల టాప్ కింద నేవీ బ్లూ బాటమ్ వేసుకోనివ్వమని. మా స్కూల్లో అడిగితే ఇచ్చారు. మగవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు, మనమే అడగాలి.


గోదారి_దర్జీ

లోగో సంగతి చెప్తానమ్మా. పాత చొక్కా ఉంది కదా, ఆ జేబు కుట్టు జాగ్రత్తగా విప్పించి కొత్త చొక్కాకి అదే జేబు వేయించండి. చొక్కా వెలిసినంతగా ఎంబ్రాయిడరీ వెలవదు, కానీ జేబు క్లాత్ కొంచెం పాతగా కనపడుతుంది కాబట్టి జేబు మొత్తం కాకుండా లోగో చుట్టూ పావంగుళం వదిలి కోసి అంచు మడిచి కొత్త జేబు మీద కుట్టమంటే ఇంకా నీటుగా ఉంటుంది. పాతవి రెండు చొక్కాలు ఉంటే రెండు లోగోలు వచ్చేస్తాయి. వాటిని ముందే కోయించేయండి, ఆ చొక్కాలు ఎవరికైనా ఇచ్చేసేటట్టయితే మాత్రం లోగో ముట్టుకోకండి, అప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులో వేయించుకోవచ్చు, డిజైన్ కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఒక్కసారి ఛార్జి తీసుకుంటారు కాబట్టి నలుగురైదుగురు కలిస్తేనే గిట్టుబాటు అవుతుంది.

టై, బెల్టు మాత్రం స్కూల్లోనే తీసుకోండి, వాటి మీద పేరు అచ్చు ఉంటుంది, బెల్టు పాతదే పొడుగు చాలితే కొత్తది కొనక్కర్లేదు, చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఇంకో రెండు కన్నాలు పొడిపిస్తే సరిపోతుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుని లోపల మెత్త వేయండి, రెండు సైజులు పెద్దవి అయితే పిల్లాడు నడవలేడు. కొలతలు ఇచ్చేటప్పుడు బాబుని ఆ బూట్లు వేసుకుని నిలబడమనండి, వట్టి కాళ్ళతో కొలిస్తే ప్యాంటు అర అంగుళం పొట్టి వస్తుంది.